పెంట బండి నుంచి యూరియా బస్తా దాకా: కరీంనగర్, ఆదిలాబాద్ నేలల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు: ఉత్తర తెలంగాణలోని ప్రధాన నేలల స్వభావాన్ని వివరించడం, సాగు పద్ధతులు మారినప్పుడు నేలలోని రసాయన గుణం, సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు ఎలా మారాయో కారణాలతో చెప్పడం, మీ సొంత ఊరి పొలం చరిత్రను ఒక ఆధారంగా వాడుకోవడం.

1. పరిచయం

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు గుర్తుకు వస్తాయి. మన కాళ్ల కింది నేలకు కూడా చరిత్ర ఉందన్న సంగతి సాధారణంగా తట్టదు. నేల ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. దాని మీద మనిషి ఏమి పండించాడు, పంటతో ఏమి తీసుకుపోయాడు, తిరిగి ఏమి వేశాడు అన్నదాన్ని బట్టి అది తరతరానికీ మారుతూ వస్తుంది.

ఈ పాఠంలో మనం పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను తీసుకుంటున్నాం. నిజాం పాలనలో ఎలగందుల జిల్లాగా ఉన్న ప్రాంతానికి 1905లో కరీంనగర్ పేరు వచ్చింది. సిర్పూర్-తాండూరుగా పిలిచిన ప్రాంతం అదే సంవత్సరం ఆదిలాబాద్ జిల్లా అయింది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ రెండూ కొత్త జిల్లాలుగా విడిపోయాయి. జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అలా ఏర్పడినవే. కాబట్టి ఈ పాఠంలో కరీంనగర్, ఆదిలాబాద్ అన్నచోట పాత జిల్లాల హద్దులనే గుర్తుంచుకోండి.

పాఠమంతటా ఒకే ప్రశ్న మనకు దారి చూపుతుంది: ప్రతి కాలంలోనూ నేలకు తిరిగి చేరినది ఏమిటి?

2. చెల్క, దుబ్బ, రేగడి

ఈ రెండు జిల్లాల మధ్య గోదావరి పారుతుంది. నదికి దక్షిణాన కరీంనగర్ వైపు ఎక్కువగా గ్రానైటు రాళ్లు అరిగి ఏర్పడిన ఎర్రనేలలు కనిపిస్తాయి. వాటినే రైతులు చెల్కలు అంటారు, మరీ ఇసుక పాలు ఎక్కువైతే దుబ్బ నేల అంటారు. ఈ నేలల్లో బంక తక్కువ. నీరు త్వరగా ఇంకిపోతుంది, నీటితో పాటు పోషకాలూ జారిపోతాయి. అక్కడక్కడా నల్లనేలలు కూడా ఉన్నాయి.

ఆదిలాబాద్‌లోని పడమటి భాగంలో దక్కను లావా రాతి నుంచి ఏర్పడిన నల్లరేగడి విస్తారంగా ఉంది. దీనిలో బంక ఎక్కువ, సున్నం పాలు ఉంటుంది, క్షారగుణం వైపు మొగ్గుతుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. పైమట్టి ఆ నెర్రెల్లోకి జారుతుంది కాబట్టి రేగడి తనను తానే దున్నుకుంటుందని అంటారు. వాన వెనుకబడినా ఈ నేల కొంతకాలం తేమను పట్టి ఉంచుతుంది.

నిజాం కాలపు రెవెన్యూ శాఖ భూమిని తరి, ఖుష్కి అని విభజించింది. తరి అంటే నీటి వసతి గల మాగాణి, ఖుష్కి అంటే మెట్ట. తరిలో మళ్లీ ఆబి, తాబి అని రెండు కార్లు. మీ ఇంట్లో పాత పహాణీలు ఉంటే ఈ మాటలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ పత్రాలు శిస్తు కోసం రాసినవి. అందువల్ల నేల రకం, నీటి ఆధారం వాటిలో దొరుకుతాయి గానీ, నేలలో ప్రాణం ఎంత ఉందన్న సంగతి దొరకదు. ఆ సంగతి తెలియాలంటే మనం వేరే ఆధారాలు వెతకాలి.

3. నేల లోపల జరిగే పని

ముందుగా కొద్దిపాటి శాస్త్రం తెలుసుకుందాం. ఇది లేకుండా తరువాతి చరిత్ర అర్థం కాదు.

నేలలో రాతిపొడి, నీరు, గాలితో పాటు సేంద్రియ పదార్థం ఉంటుంది. ఆకు, వేరు, పేడ, చచ్చిన పురుగు వంటివి కుళ్లగా మిగిలేది ఇదే. దీనిని కొలవడానికి సేంద్రియ కర్బనం శాతాన్ని చూస్తారు. మన భూసార పరీక్షా కేంద్రాల లెక్కలో 0.5 శాతం కంటే తక్కువ ఉంటే తక్కువ, 0.5 నుంచి 0.75 శాతం వరకు మధ్యస్థం, అంతకు మించితే ఎక్కువ. వేడి ప్రాంతాలలో సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. అందుకే మన మెట్ట నేలల్లో చాలా భాగం తక్కువ తరగతిలోనే ఉంటాయి.

ఈ కర్బనమే నేలలోని బాక్టీరియాకు, శిలీంధ్రాలకు ఆహారం. అవి దానిని తింటూ, అందులోని నత్రజనిని, భాస్వరాన్ని పంట తీసుకోగల రూపంలోకి మారుస్తాయి. కంది, పెసర, శనగ వేరుబుడిపెలలో ఉండే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. వరి మడిలో నీలి ఆకుపచ్చ నాచు కూడా కొంత నత్రజనిని చేరుస్తుంది. సూక్ష్మజీవులు విడిచే జిగురు మట్టి రేణువులను గడ్డకట్టిస్తుంది. అటువంటి మట్టిలో నీరు నిలుస్తుంది, గాలి ఆడుతుంది.

అంటే సేంద్రియ పదార్థం పోషకాలు నిల్వ ఉండే గాదె మాత్రమే కాదు, ఆ గాదెలో పనిచేసే వారికి తిండి కూడా. ఈ రెండు పనులను వేరువేరుగా గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

అ) చెల్క నేలకు, రేగడి నేలకు నీటి విషయంలో ఉన్న తేడా ఏమిటి?
ఆ) పహాణీ వంటి రెవెన్యూ పత్రాలు నేల చరిత్రకు ఎంతవరకు ఉపయోగపడతాయి?

4. పెంట, మంద, చెరువు మట్టి

రసాయన ఎరువులు రాకముందు కరీంనగర్ పల్లెల్లో నేలకు కర్బనం చేరే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది పెంట. ఇంటింటికీ పశువులుండేవి. పేడ, మూత్రంతో తడిసిన గడ్డి, బూడిద, ఊడ్చిన చెత్త అన్నీ పెంటకుప్పకు చేరేవి. ఎండాకాలంలో దానిని బండ్ల మీద పొలానికి తోలేవారు. పంట గడ్డి పశువుకు, పశువు పేడ నేలకు, నేల నుంచి మళ్లీ పంట. ఈ చక్రంలో లోపాలు లేకపోలేదు. కట్టెలు దొరకని ఇళ్లలో పేడ పిడకలై పొయ్యిలోకి పోయేది. బ్రిటిష్ ఇండియాలో పర్యటించి 1893లో భారత వ్యవసాయంపై నివేదిక ఇచ్చిన జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్త కూడా పేడ వంటచెరకుగా మారడాన్ని ప్రధాన సమస్యగా చూపాడు.

రెండవది మంద. పంట కోత తరువాత గొర్రెల కాపరులను పిలిచి, కొన్ని రాత్రులు మందను పొలంలోనే నిలిపేవారు. గొర్రెల ఎరువు బండి ఖర్చు లేకుండా నేరుగా నేలకు చేరేది. ఇందుకు కాపరికి ధాన్యమో డబ్బో ముట్టేది.

మూడవది చెరువు మట్టి. కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతంలో గొలుసుకట్టు చెరువులున్నాయి. వానకు పొలాల మీది సన్నటి బంక, కుళ్లిన ఆకు కొట్టుకు వచ్చి చెరువు అడుగున పేరుకునేది. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతులు ఆ మట్టిని తవ్వి చెల్కలకు తోలుకునేవారు. దీనివల్ల ఒకేసారి రెండు పనులు జరిగేవి: చెరువు పూడిక తగ్గేది, ఇసుక నేలకు బంక, సేంద్రియ పదార్థం చేరేవి. వాన తీసుకుపోయినదాన్ని మనిషి తిరిగి తేవడమే ఈ పద్ధతిలోని తెలివి.

అయితే పాత కాలాన్ని స్వర్ణయుగంగా భావించకండి. దిగుబడులు తక్కువగా ఉండేవి. జాగీర్దారు, దేశ్‌ముఖ్ గడీల కింద వెట్టిచాకిరి చేసిన కుటుంబాల బండ్లు, ఎడ్లు ముందు దొర పొలానికే కదిలేవి. ఎడ్లు లేని పేదవాడి చెల్కకు పెంట చేరడం కష్టంగానే ఉండేది. నేల సారంలో కూడా సామాజిక అంతరం కనిపించేదన్నమాట.

5. ఆదిలాబాద్ కొండలు: బీడుకు చోటు పోయినప్పుడు

ఇప్పుడు గోదావరి దాటి ఆదిలాబాద్ కొండలకు వెళ్దాం. అక్కడ నేలను బతికించే సాధనం పెంట కంటే ఎక్కువగా కాలమే.

కొలాములు కొండవాలుల మీద పోడు చేసేవారు. చెట్టుచేమ నరికి కాల్చి, బూడిద పడిన నేలలో జొన్న, చిరుధాన్యాలు, పప్పులు కలిపి వేసేవారు. బూడిదలోని పొటాష్, సున్నం మొదటి రెండు మూడేళ్లు పంటకు బలమిచ్చేవి. తరువాత సారం తగ్గగానే ఆ చోటు వదిలి మరో చోటికి పోయేవారు. గోండులు నాగలితో సాగు చేసేవారు. అయినా పలుచని తేలిక నేలలను కొన్నేళ్లు దున్నిన తరువాత బీడుగా వదిలేవారు. బీడు పడిన నేలలో గడ్డి, పొదలు, చెట్లు పెరిగి, ఆకు రాలి, సేంద్రియ పదార్థం మళ్లీ చేరేది. ఈ పద్ధతి నిలవాలంటే విశాలమైన భూమి, తిరిగి రాగల స్వేచ్ఛ రెండూ ఉండాలి.

నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వు చేస్తూ హద్దులు గీసినప్పుడు ఆ రెండూ పోయాయి. బీడుగా వదిలిన పొలం సాగులో లేని భూమిగా లెక్కకు వచ్చింది, అడవి హద్దులోకి పోయింది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం, ఆయన అనుచరులు ప్రాణాలు కోల్పోయిన పోరాటానికి మూలం ఈ భూమి, అడవి సమస్యే. ఆ తరువాత నిజాం ప్రభుత్వ కాలంలోనే గోండుల మధ్య పరిశోధన చేసిన మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ వారి సాగు పద్ధతులను వివరంగా నమోదు చేశాడు. 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' అనే ఆయన గ్రంథం 1948లో వెలువడింది. పహాణీలు చెప్పని సంగతులు మనకు దొరికే ఆధారాలలో ఇది ఒకటి.

దీనిని నేల వైపు నుంచి చూడండి. బీడు కాలం కుదించుకుపోయి అదే పలుచని నేలను ఏటా దున్నితే, కొండవాలు మీది పైమట్టి వానకు కొట్టుకుపోతుంది. పైమట్టిలోనే సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటాయి. అంటే హద్దు రాయి పాతడం ఒక పాలనా చర్యే అయినా, దాని ఫలితం మట్టిలోని కర్బనం దాకా పోయింది.

6. కాలువ, బస్తా

మూడవ ఘట్టం స్వాతంత్ర్యం తరువాతది. 1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అదే నేటి శ్రీరాంసాగర్. దాని కాకతీయ కాలువ కరీంనగర్ మెట్టలకు గోదావరి నీటిని తెచ్చింది. కరీంనగర్ పట్టణం పక్కన దిగువ మానేరు జలాశయం 1985 నాటికి పూర్తయింది. ఖుష్కిగా ఉన్న నేలలు తరిగా మారాయి. జొన్న, నువ్వు, పెసర పండిన చోట వానాకాలం, యాసంగి రెండు కార్లూ వరి రావడం మొదలైంది.

కొత్త పొట్టి వరి వంగడాలకు నత్రజని ఎక్కువ కావాలి. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తయారు చేయవచ్చని 1909లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ చూపాడు. కార్ల్ బాష్ దానిని 1913లో కర్మాగారం స్థాయికి తెచ్చాడు. ఆ విద్య 1980లో కరీంనగర్ జిల్లా గడప తొక్కింది. భారత ఎరువుల సంస్థ రామగుండంలో బొగ్గు ఆధారంగా నడిచే యూరియా కర్మాగారాన్ని ఆ సంవత్సరం ప్రారంభించింది. అది 1999లో మూతపడింది. అదే చోట సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నులు.

రైతు పెంటను వదిలి బస్తాను ఎందుకు ఎంచుకున్నాడు? ఒక చిన్న లెక్క వేద్దాం. నేటి 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే దాదాపు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. మామూలు పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం. అంటే ఒక బస్తా ఇచ్చే నత్రజని పశువుల ఎరువుతో ఇవ్వాలంటే నాలుగు టన్నులకు పైగా తోలాలి. బండికి అర టన్ను అనుకుంటే ఎనిమిది బండ్లు. ఒక మనిషి భుజాన మోసుకుపోగల బస్తా ఒక వైపు, ఎనిమిది బండ్ల తోలకం మరో వైపు. రైతు నిర్ణయం తెలివితక్కువది కాదని ఈ లెక్క చెబుతుంది.

కానీ లెక్కలో ఇంకో వరుస ఉంది. ఆ నాలుగు టన్నుల ఎరువుతో కొన్ని వందల కిలోల కర్బనం కూడా నేలకు చేరేది. యూరియా అణువులోనూ కర్బనం ఉంది గానీ, నేలలో పడిన కొద్ది రోజులకే దానిలో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. బస్తా పంటకు తిండి పెట్టింది, సూక్ష్మజీవులకు పెట్టలేదు. మూడవ విభాగంలో మీరు గుర్తుంచుకున్న రెండు పనులలో ఒకటి జరిగింది, రెండవది ఆగింది.

ఆ తరువాత ధరల విధానం కూడా నేల మీద ప్రభావం చూపింది. 1992లో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ ఎత్తివేసింది. యూరియా మీద నియంత్రణ కొనసాగింది. 2010లో వచ్చిన పోషకాధారిత సబ్సిడీ విధానంలోనూ యూరియాను చేర్చలేదు. ఫలితంగా మిగతా ఎరువులకంటే యూరియా చౌకగా ఉండిపోయింది, నత్రజని వాడకం మిగతా పోషకాలతో సమతూకం తప్పింది. నీరు నిలిచే క్షార నేలల్లో వరికి జింకు అందదు, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. అందుకే ప్రతి మూడు పంటలకు ఒకసారి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

అ) బీడు పెట్టడం నేలకు ఎలా ఉపయోగపడేది? అటవీ హద్దులు దానిని ఎలా మార్చాయి?
ఆ) యూరియా బస్తా పశువుల ఎరువు చేసే ఏ పనిని చేయలేదు?

7. పత్తి చేనులో కర్బనం

ఆదిలాబాద్ రేగడిలో పత్తి కొత్త పంట కాదు. అయితే ఒకప్పుడు జొన్న, కంది, శనగ, నువ్వులతో పాటు అది ఒకటి. పంట మారినప్పుడల్లా వేరుబుడిపెల నత్రజని, జొన్న కొయ్యల కర్బనం నేలకు చేరేవి. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చిన తరువాత పత్తి విస్తీర్ణం వేగంగా పెరిగి, చాలా గ్రామాలలో ఏటా అదే చేనులో అదే పంట అయింది.

పత్తి సాళ్ల మధ్య నేల చాలాకాలం ఖాళీగా ఎండకు ఉంటుంది. కలుపు కోసం గుంటక మళ్లీ మళ్లీ తోలుతారు. తోలిన ప్రతిసారీ మట్టిలోకి గాలి పోయి సేంద్రియ పదార్థం త్వరగా కరుగుతుంది. చివరికి పత్తి కట్టెను కుప్పవేసి కాల్చడం అలవాటైంది. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు తగ్గాయి, వాటితో పెంటకుప్పా తగ్గింది.

కరీంనగర్‌లో కోత యంత్రం వచ్చిన తరువాత వరిగడ్డిని, కొయ్యలను తగలబెట్టడం పెరిగింది. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని, 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని, కర్బనం దాదాపు పూర్తిగా పొగలో పోతాయి. మరి రైతు ఎందుకు కాలుస్తున్నాడు? రెండు కార్ల మధ్య వ్యవధి తక్కువ. పైగా పచ్చిగడ్డి దున్నితే పైరు పచ్చబడి ఎదగదని అతనికి అనుభవం. దానికి కారణం ఉంది. గడ్డిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ. దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు లోటును నేలలోని నత్రజనితో పూడ్చుకుంటాయి, పైరుకు కొంతకాలం కొరత పడుతుంది. అందువల్లనే కొయ్యల మీద ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి, నీరు పెట్టి, నాటుకు ముందే కలియదున్నాలని సలహా ఇస్తారు.

8. జగిత్యాల మడుల సాక్ష్యం

ఇంతవరకు మనం కారణాలను ఊహతో కలిపాం. వాటిని పరీక్షించే మార్గం ఉందా? ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒకే పొలంలో ఒకే రకమైన ఎరువును ఏళ్ల తరబడి వేస్తూ ఫలితాలు రాస్తున్నారు. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1970లో ఇటువంటి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలను ప్రారంభించింది. అందులో భాగంగా జగిత్యాల దగ్గర పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో 2000 సంవత్సరం నుంచి వరి తరువాత వరి పద్ధతిలో ప్రయోగం సాగుతోంది. ఒక మడికి ఏ ఎరువూ లేదు, ఒక దానికి నత్రజని మాత్రమే, ఒక దానికి మూడు పోషకాలు, మరొక దానికి మూడు పోషకాలతో పాటు పశువుల ఎరువు.

ఈ మడులు చెప్పేది సాధారణంగా మనం వినే రెండు వాదాలకూ సరిపోదు. నత్రజని ఒక్కటే వేసిన మడి సమతుల పోషణ ఉన్న మడితో పోటీపడలేకపోయింది. మూడు పోషకాలకు పశువుల ఎరువు కలిపిన మడిలో సేంద్రియ కర్బనం, సూక్ష్మజీవుల పరిమాణం, వాటి ఎంజైముల చురుకుదనం మెరుగ్గా ఉన్నాయి. రసాయన ఎరువు వేసినంత మాత్రాన నేల చచ్చిపోదని కూడా ఇక్కడ తెలుస్తుంది. సమతూకంగా వేస్తే పంట బాగా పెరిగి, వేరు, కొయ్య రూపంలో కర్బనం నేలకు చేరుతుంది. పైగా నీరు నిలిచిన మడిలో గాలి తక్కువ కాబట్టి సేంద్రియ పదార్థం నెమ్మదిగా కరుగుతుంది. ఎండకు ఆరే పత్తి చేను పరిస్థితి దీనికి భిన్నం. కాబట్టి ఒకే బస్తా రెండు నేలల్లో రెండు చరిత్రలు రాస్తుంది.

9. తిరుగు ప్రయాణం సాధ్యమా?

2015లో రెండు కార్యక్రమాలు మొదలయ్యాయి. ఫిబ్రవరి 19న కేంద్రం భూసార ఆరోగ్య పత్రాల పథకాన్ని ప్రారంభించింది. అందులో 12 అంశాల ఫలితాలు ఇస్తారు. మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత ప్రారంభించింది. పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లతో చెల్కలకు తోలుకున్నారు. తాతల కాలపు పద్ధతి యంత్రాల సాయంతో తిరిగి వచ్చినట్టయింది. అయితే చెరువు మట్టి చెల్కకు చేసినంత మేలు, ముందే బంక ఎక్కువున్న రేగడికి చేయదు. ఆదిలాబాద్ రేగడికి కంది, శనగతో పంట మార్పిడి, పత్తి కట్టెను ముక్కలు చేసి నేలలో కలపడం, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట ఎక్కువ పనికి వస్తాయి.

ఒక అడ్డంకిని మాత్రం మరువరాదు. నేలలో కర్బనం పెరగడానికి ఏళ్లు పడుతుంది. నేడు చాలా పొలాలు ఏడాది కౌలు మీద సాగుతున్నాయి. వచ్చే ఏడు ఆ పొలం తనకే దక్కుతుందన్న నమ్మకం లేని కౌలు రైతు ఈ ఏడు పెంట తోలడానికి ఖర్చు పెట్టడు. జోడేఘాట్ కొండల్లో తిరిగి రాగల హక్కు పోయినప్పుడు బీడు పద్ధతి కూలింది. ఇక్కడ నిలిచి ఉండగల హక్కు లేక ఎరువు పద్ధతి కూలుతోంది. నేల సారం, భూమి హక్కు రెండు వేరువేరు పాఠాలు కావు.

10. సారాంశం

కరీంనగర్ చెల్కలకు పెంట, మంద, చెరువు మట్టి, ఆదిలాబాద్ కొండలకు బీడు ఒకప్పుడు కర్బనాన్ని తిరిగి ఇచ్చాయి. అటవీ హద్దులు బీడును, కాలువ నీరు, యూరియా, ట్రాక్టరు పెంటను పక్కకు నెట్టాయి. దిగుబడి పెరిగింది, కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. కానీ సూక్ష్మజీవుల తిండి తగ్గింది. రసాయన ఎరువును పూర్తిగా తప్పుపట్టడం గానీ, దానితోనే సరిపెట్టుకోవడం గానీ ఈ చరిత్ర సమర్థించదు. పంటకు ఇచ్చినట్టే నేలకూ ఇవ్వాలన్నది దాని పాఠం.

క్షేత్ర కృత్యం

మీ ఇంటిదో, పక్కవారిదో ఒక పొలాన్ని ఎంచుకోండి. ఇంట్లోని పెద్దవారిని అడిగి గత యాభై ఏళ్లలో అక్కడ ఏ పంటలు వేశారు, ఎడ్లు ఎప్పుడు అమ్మారు, చివరిసారి పెంట ఎప్పుడు తోలారు, మొదటి యూరియా బస్తా ఎప్పుడు వచ్చింది, కొయ్యలను ఏమి చేస్తున్నారు అన్నది రాయండి. భూసార పత్రం ఉంటే దానిలోని సేంద్రియ కర్బనం అంకెను ఆ కథనం పక్కన ఉంచి చూడండి.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ఉత్తర తెలంగాణలో సాగు పద్ధతుల మార్పు నేలలోని సేంద్రియ పదార్థాన్ని ఎలా ప్రభావితం చేసిందో వివరించండి.
2. జగిత్యాల దీర్ఘకాలిక ప్రయోగం ప్రాముఖ్యాన్ని చర్చించండి.
3. భూమి హక్కుకు, నేల సారానికి గల సంబంధాన్ని రెండు ఉదాహరణలతో తెలపండి.